సీసా తిరిగొస్తేనే

చి. ప్రణీతకు మామయ్య ఆశీస్సులు.

నన్నారి సోడా గాజు సీసాల్లోనే అమ్ముతానని, ప్లాస్టిక్ జోలికి పోనని నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చాలా సంతోషమేసింది. కానీ చివర్లో "హైదరాబాద్, బెంగళూరుకు కూడా పంపుతాం, ఖాళీ సీసా కస్టమరే ఉంచుకోవచ్చు" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు సోడా కొట్టు నడిపినవాణ్ణి. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీసాల కోసం ఒకసారి ఉత్తరప్రదేశ్‌లో గాజు పనికి పేరున్న ఫిరోజాబాద్ వెళ్లాను. కొలిమికి పది అడుగుల దూరంలో నిలబడ్డా మొహం కాలిపోతున్నట్టే ఉంది. ఇసుక, సోడా యాష్ అనే క్షారప్పొడి, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. కొలిమిని ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఆరనివ్వరు, ఆరితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పాడవుతుంది. మండే ఇంధనం నుంచి వచ్చే పొగ ఒకటైతే, సున్నపురాయి, సోడా యాష్ కరిగేటప్పుడు వాటిలో ఉన్న బొగ్గుపులుసు వాయువు కూడా బయటికొస్తుంది. మనం సోడాలో నింపేదీ అదే వాయువు. ఒక్క సీసా పుట్టడానికే ఇంత ఖర్చవుతుందమ్మా.

ఇక బరువు. మా 200 ఎంఎల్ సీసాను ఖాళీగా కాటా మీద పెడితే 300 గ్రాములు దాటేది. అంటే లారీలో డ్రింకు కంటే గాజే ఎక్కువ పోతుంది. అంతే పట్టే ప్లాస్టిక్ సీసా 20 గ్రాములు కూడా ఉండదు. 2020లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు రకరకాల డ్రింకు ప్యాకింగులను పోల్చి చూశారు. ఒక్కసారి వాడి పారేసే గాజు సీసాదే పర్యావరణానికి అన్నిటికంటే ఎక్కువ భారమని తేలింది. నువ్వు బెంగళూరుకు పంపాలనుకుంటున్నది అదే.

పాత గాజు మళ్లీ కరిగిస్తారు కదా అంటావేమో. కరిగిస్తారు, నాణ్యత కూడా తగ్గదు. కానీ నూటికి పది పాళ్లు పెంకులు కలిపితే ఆదా అయ్యే ఇంధనం నూటికి సుమారు మూడు పాళ్లే, ఆ కొలిమి మాత్రం మండాల్సిందే. అదే సీసాను కడిగి ఇరవైసార్లు నింపావనుకో, దాని పుట్టుక పొగ ఇరవై సోడాలకు పంచుకుపోతుంది. గాజు గొప్పతనమంతా అందులోనే ఉంది.

అందుకని ముందు కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు చాలు. పొద్దున నిండు క్రేట్లతో బయల్దేరిన ఆటో సాయంత్రానికి ఖాళీలతో ఇంటికి చేరాలి. ఆ దూరం దాటి వెళ్లొద్దు. బెంగళూరులో అంత గిరాకీ ఉంటే షర్బత్ పాకం డబ్బాల్లో పంపు, సోడా అక్కడే కలుపుకుంటారు.

డిపాజిట్ దగ్గర మాత్రం మొహమాటపడకు. ఒక పెళ్లికి తెలిసినవాళ్లు కదా అని నేను డిపాజిట్ అడగలేదు. 30 క్రేట్లు పంపితే 17 వచ్చాయి. ఆ రాత్రి మండపం వెనక టార్చిలైటు వేసుకుని సీసాలు ఏరుకున్నాను. సగం పగిలిపోయి ఉన్నాయి. తమిళనాడు నీలగిరి జిల్లాలో చూడు, అడవిలో సీసా పెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయని కోర్టు చెప్పాక, 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ తెస్తే తిరిగిస్తున్నారు. ఆ పది రూపాయల కోసం జనం సీసా జాగ్రత్తగా తెచ్చిస్తారు. నీ సీసాకూ పది పెట్టు.

సొంత ఆకారంలో, రంగు గాజులో సీసా చేయించొద్దు. మార్కెట్లో దొరికే మామూలు తెల్ల సీసా తీసుకుంటే పగిలిన వాటి బదులు ఎక్కడైనా దొరుకుతాయి. లేబుల్ కాగితంది అయితే వేడినీళ్లలో ఊడొస్తుంది. ప్లాస్టిక్ స్టిక్కర్ అయితే గీకలేక చేతులు పోతాయి. కడిగే నీళ్లు కాయడానికి మేడ మీద సోలార్ పెట్టించు, మన సీమ ఎండకు లోటేముంది?

కడిగిన ప్రతి సీసానూ లైటుకు అడ్డంగా పట్టి చూడాలి. మూతి చుట్టూ గోరు తిప్పు, చిన్న పెచ్చు ఊడినా తగులుతుంది. అలాంటిది పక్కన పడెయ్. సీసా భుజం దగ్గర తెల్లటి రాపిడి చార కనిపిస్తుంది, క్రేట్లలో ఒకదానికొకటి ఒరుసుకుని పడేది. ఆ చార ఎంత మందంగా ఉంటే సీసా అన్నిసార్లు తిరిగొచ్చినట్టు. మసకబారిందని కొందరు పారేస్తారు. నువ్వు పారేయకు, పగుళ్లు లేకపోతే అది ఇంకా పనికొచ్చే సీసా.

మా అటక మీద 24 గళ్ల చెక్క క్రేట్లు ఇంకో పన్నెండు ఉన్నాయి. మేకులు బిగించి ఉంచుతాను, వచ్చే ఆదివారం ఆటో తీసుకుని రా.

మీ మామయ్య