ఆమెకు చెబితే వాళ్ల నాన్నకు చెప్పేస్తుందా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ఎంఏ ఇంగ్లిష్. ఒంగోలులో జూనియర్ కాలేజీలో 28 వేల జీతానికి పనిచేసేవాణ్ణి. మూడేళ్లుగా థాయ్‌లాండ్‌లోని ఉడోన్ థానీలో ఉంటున్నాను. ఏజెన్సీ ద్వారా ఒక ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ చెబుతాను. నెలకు 30 వేల బాత్. అదీ ఏడాదికి పది నెలలే. ఇంట్లో మాత్రం యూనివర్సిటీలో లెక్చరర్‌నని, జీతం 55 వేల బాత్ అని చెప్పాను. నేను వచ్చేటప్పుడు మామగారు మూడు లక్షలు సర్దారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్, 14 వేలు. నెలకు 45 వేల రూపాయలు పంపుతున్నాను. సెలవు నెలల్లో ఏదో సాకు చెబుతాను. పోయినేడు వీసా ఖర్చులంటే ఆవిడ గాజులు తాకట్టు పెట్టి రెండున్నర లక్షలు పంపింది. ఇక్కడ తోటి టీచర్లకు ఇంకో 80 వేల బాత్ బాకీ. ఇప్పుడు వేసవి సెలవులకు మామగారు, మా ఆవిడ, పాప యూనివర్సిటీ చూస్తామని బయల్దేరుతున్నారు. వియత్నాంలో జీతాలు బాగుంటాయంటున్నారు. ఈలోపే అక్కడికి మారిపోతే మంచిదేనా? మా ఆవిడకు నిజం చెప్పలేను. చెబితే వాళ్ల నాన్నకు చెప్పేస్తుంది.

జవాబు: వియత్నాం వద్దు. అక్కడా వర్క్ పర్మిట్ కావాలి. డిగ్రీకి, పోలీసు క్లియరెన్స్‌కు మళ్లీ అటెస్టేషన్లు, అనువాదాలు, ఇంగ్లిష్ బోధనలో సర్టిఫికెట్, వైద్య పరీక్ష. వాటికి రెండు మూడు నెలలూ, మళ్లీ ఎవరి గాజులో కావాలి. అయినా మీరు వెతుకుతున్నది మంచి ఉద్యోగం కాదు, మామగారు వచ్చేసరికి అక్కడ లేకుండా పోవడానికి ఒక ఊరు. దానికి నా దగ్గర సలహా లేదు.

మీ ఉత్తరంలో నేను పట్టుకున్నది చివరి మాట. 'చెబితే వాళ్ల నాన్నకు చెప్పేస్తుంది.' పెళ్లయి ఇన్నేళ్లయినా, బిడ్డ పుట్టినా, మీ లెక్కలో ఆవిడ ఇంకా వాళ్ల నాన్న కూతురే. మీకు భయం మామగారంటే. ఆ భయానికి భార్యను కూడా ఆయన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇద్దరి ముందూ మూడేళ్లుగా ఒకే నాటకం ఆడుతున్నారు. తేడా ఏమిటంటే, ఆయన చూసి వెళ్లిపోతారు. ఖర్చు ఆవిడ పెట్టుకుంటోంది.

ఇంతకీ దాస్తున్నది ఏమిటి? బడిలో పాఠం చెబుతున్నారని. ఎవరి దగ్గర? జీవితమంతా బడిలో గడిపి హెడ్మాస్టరుగా దిగిన మనిషి దగ్గర! మీరున్నది జూన్‌లో ఒక గురువారం బడిపిల్లలంతా పూలు కట్టి తెచ్చి, టీచర్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని మొక్కే దేశం. వై క్రూ అనే ఆ గురుపూజ రోజున పిల్లలు మీ ముందూ కూర్చునే ఉంటారు. ఆ ఫోటో ఒక్కటి ఇంటికి పంపి ఉంటే ఆయన వీధంతా చూపించుకునేవారు.

ఇక ఆవిడ సంగతి. లెక్కల టీచర్. నెలకు 55 వేల బాత్ అంటే లక్షా ముప్పై వేలు దాటుతుందని, అందులో 45 వేలే వస్తున్నాయని, మిగతాది ఏమైందో తెలియదని, పైగా తన గాజులే తాకట్టుకు పోయాయని ఆవిడ లెక్క వేసుకోలేదనుకుంటున్నారా? ఆ డబ్బు ఇంకో మనిషికో ఇంకో అలవాటుకో పోతోందని ఆవిడ అనుమానపడుతూ ఉండొచ్చు. మీ నిజం దానికంటే చాలా చిన్నది. అది కూడా ఆవిడకు దక్కనివ్వడం లేదు.

మీరు వేయని లెక్క ఇది. 30 వేలు, పది నెలలు, మూడు లక్షల బాత్. పన్నెండుతో భాగిస్తే నెలకు 25 వేలు. మీ జీతం అదీ, 30 కాదు. మీరు ఉంటున్న ఊళ్లో గదికి 4,500 బాత్, కరెంటు నీళ్లకు 1,200, తిండికి 6,500, స్కూటర్‌కు పెట్రోలుతో కలిపి 2,500, ఫోను చిల్లర 800 వేస్తే 15,500. దేశంలో ఉండే గడువును ఏడాది పొడిగించుకోవడానికి 1,900, ఒకసారి బయటికెళ్లి తిరిగి రావడానికి రీఎంట్రీ 1,000, వర్క్ పర్మిట్ ఏడాదికి దరఖాస్తుతో 3,100. ఏజెన్సీ కట్టకపోతే నెలకు ఇంకో 500. మిగిలేది 9,000. బాత్‌కు రెండున్నర రూపాయలు వేసుకుంటే 22,500. మీరు పంపుతున్నది సరిగ్గా దానికి రెట్టింపు. గాజులూ తోటి టీచర్ల అప్పూ కలిసి ఆ మిగతా సగాన్ని మోస్తున్నాయి. ఇందులో విమానం టికెట్ లేదు, జ్వరం లేదు. ఇలా ఇంకో ఏడాది నడవదు.

కాబట్టి ఉద్యోగం మారాల్సిందే, దేశం కాదు. ఏజెన్సీ ఒప్పందం మార్చిలో తీరితే మీ గడువూ అక్కడితో తీరుతుంది. ఏటా లావోస్ వెళ్లి కొత్త వీసాతో రావాల్సి వస్తుంటే కారణం అదే అయ్యుండాలి. ప్రైవేటు బడులు, ప్రభుత్వ బడుల్లోనే ఇంగ్లిష్ ప్రోగ్రాం, అంటే పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పే విభాగం, నడిపేవి కొన్ని నేరుగా పన్నెండు నెలలకు తీసుకుంటాయి. మే మధ్యలో మొదలయ్యే టర్ముకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, నవంబరు టర్ముకు సెప్టెంబరు, అక్టోబరులో చూస్తారు. ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా నాలుగు అడగండి: ఏప్రిల్ జీతం ఇస్తారా, ఒప్పందం ఏ తేదీ నుంచి ఏ తేదీకి, పర్మిట్ ఖర్చు ఎవరిది, లైసెన్సు లేకుండా పాఠం చెప్పడానికి టీచర్స్ కౌన్సిల్ ఇచ్చే అనుమతికి బడే దరఖాస్తు పెడుతుందా. ఆ తాత్కాలిక అనుమతి రెండేళ్లది, బడి పేరు మీద వస్తుంది. బడి మారితే మళ్లీ పెట్టాలి. బీఎడ్ లేకుండా రెండోసారి, మూడోసారి అడిగితే లైసెన్సు కోసం ఏం చదువుతున్నారో చూపమంటారు. ఇంగ్లిష్ మాతృభాష కాని మనలాంటివాళ్లను చాలాచోట్ల టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 990కి 600 అడుగుతారు. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. మీది ఎప్పటిదో చూసుకోండి.

మారేటప్పుడు చాలామంది దెబ్బ తినేది తేదీల దగ్గర. పాత ఉద్యోగం ఆగిన రోజే దాని మీద వచ్చిన గడువు ఆగుతుంది. ఆ రోజుకు దేశం దాటాలి, లేదా ఇమిగ్రేషన్‌లో 1,900 కట్టి ఏడు రోజులు తెచ్చుకోవాలి. ఏజెన్సీ మీద కోపంతో నెల మధ్యలో మానేసి అక్కడే ఉండిపోతే రోజుకు 500 చొప్పున జరిమానా పడుతుంది, 20 వేల దాకా. కొత్త బడి కాగితాలు చేతికొచ్చాకే రాజీనామా తేదీ రాయండి.

పన్నెండు నెలలూ 35 వేలు వచ్చే చోటు దొరికితే, ఖర్చులు పోను 19 వేలు. అంటే 47 వేల పైచిలుకు రూపాయలు. అప్పుడు ఉండొచ్చు. మే నాటికి దొరకలేదా, ఒంగోలు రండి. 22,500 మిగలడానికి పాపకు తండ్రి లేకుండా చేయడం నాకు నచ్చదు. మీ పాత కాలేజీ జీతం 28 వేలు. కానీ ఈ నిర్ణయం మీరొక్కరే తీసుకోకూడదు. మూడేళ్ల క్రితం అదే చేశారు.

ముందు ఆవిడకు చెప్పండి. వాళ్లు టికెట్లు కొనకముందే. ఒక ఆదివారం ఆవిడ పుట్టింట్లో లేని రోజు చూసుకుని, ఒప్పందం మొదటి పేజీ, ఈ నెల పే స్లిప్ ఫోటో తీసి పంపండి. పది నిమిషాలాగి ఫోన్ చేయండి. అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా, పాప పడుకున్నాకే చేయండి. యూనివర్సిటీ సంగతి ఇవాళ, అప్పు సంగతి వచ్చే వారం అని విడతలు పెట్టొద్దు. ఒక్కసారే అంతా. 80 వేల బాత్ కూడా. ఆవిడ అరిస్తే విననివ్వండి మీ చెవులను. ఫోన్ పెట్టేస్తే మళ్లీ చేయకండి, ఆవిడే చేస్తుంది. 'మీ నాన్నకు చెప్పొద్దు' అని మాత్రం అనకండి. మీ అబద్ధాన్ని మోసే కూలి ఆవిడకు ఇప్పటికే చాలైంది. వారంలోగా మామగారికి మీరే ఫోన్ చేసి, మూడు లక్షలకు నెలకు ఐదు వేలు చొప్పున అరవై నెలలని చెప్పి, కాగితం మీద రాసి పంపండి. ఆయన వద్దంటారు. అయినా రాయండి.

ఇంటికి ఎంత, అప్పులకు ఎంత అనేది ఆవిడకే వదలండి. ఇన్నాళ్లూ ఇల్లు నడిపింది ఆవిడే. నా ఓటు మాత్రం గాజులకే. అవి మీరు పెట్టినవి కావు. తోటి టీచర్లూ పది నెలల జీతగాళ్లే కనుక మార్చి జీతంలోంచి వాళ్లకు కొంతైనా ముట్టజెప్పండి.

ఇంత విన్నాక కూడా ఆవిడ వస్తానంటే రానివ్వండి. ఏప్రిల్‌లో బడి మూసి ఉంటుంది, గేటు దగ్గర నిలబడి చూపించొచ్చు. మీ గది యజమాని వాళ్లు దిగిన 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలపాలి, గుర్తు చేయండి.

తాకట్టు పెట్టింది పోయినేడు అన్నారు. అలాంటి అప్పులకు మామూలుగా ఏడాది గడువు. వడ్డీ కట్టి తిరగరాయించకపోతే నోటీసు, తర్వాత వేలం. రసీదు మీద తేదీ ఎంతో ఆవిడను అడగండి. మీ ఉత్తరంలో అది లేదు.