ఫైల్ చేరింది, ఎల్‌ఈడీ వెలగలేదు

ప్రశ్న: రాస్‌ప్‌బెరీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కొని, ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే చిన్న ప్రోగ్రామ్‌ను సీ భాషలో రాశాను. ఎల్‌ఈడీ పిన్ 25 అని ఇచ్చాను. బిల్డ్‌లో, అంటే కోడ్‌ను చిప్ నడపగల ఫైల్‌గా మార్చే దశలో, తప్పులేవీ రాలేదు. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ కేబుల్ పెడితే కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ కనిపించింది. బిల్డ్‌లో తయారైన యూఎఫ్2 ఫైల్‌ను అందులోకి కాపీ చేయగానే డ్రైవ్ మాయమైంది, ఎల్‌ఈడీ మాత్రం వెలగలేదు. బోర్డు మీద వెండి రంగు రేకు మూత ఒకటి ఉంది. బోర్డు పాడైందని దుకాణదారు అంటున్నారు. ఇలా మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేస్తే, అంటే ప్రోగ్రామ్‌ను ఎక్కిస్తే, చిప్ దెబ్బతింటుందా?
— డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: బోర్డు పాడైందనడానికి మీరు రాసినదానిలో ఆధారమేమీ లేదు. డ్రైవ్ మాయమవడం లోపం కాదు. ఫైల్‌లోని చివరి బ్లాక్ అందగానే చిప్ పెన్‌డ్రైవ్ వేషం చాలించి, రీస్టార్ట్ అయి, కొత్త ప్రోగ్రామ్‌ను నడపడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో డ్రైవ్‌ను సరిగా తొలగించలేదని కంప్యూటర్ హెచ్చరించినా పట్టించుకోనక్కరలేదు.

అసలు కారణం మీరు చెప్పిన రేకు మూత కిందే ఉంది. 2021లో వచ్చిన తొలి పికోకు అటువంటి మూత ఉండదు. మీ చేతిలో ఉన్నది 2022లో వచ్చిన పికో డబ్ల్యూ అయి ఉండాలి. రెండింటిలోనూ ఆర్‌పీ2040 చిప్పే ఉన్నా, మొదటిదానిలో ఎల్‌ఈడీ నేరుగా ఆ చిప్ 25వ పిన్‌కు కలిసి ఉంటే, డబ్ల్యూలో అది రేకు మూత కింద ఉన్న వైఫై చిప్ పిన్‌కు కలిసి ఉంటుంది. 25వ పిన్‌ను అక్కడ రెండు చిప్‌ల మధ్య సంభాషణకు కేటాయించారు. యూఎఫ్2 ఫైల్‌ను స్వీకరించేటప్పుడు అది ఏ చిప్ కోసం తయారైందో మాత్రమే పరీక్షిస్తారు, ఏ బోర్డు కోసమన్నది ఎవరూ అడగరు. అందువల్లే మీ ప్రోగ్రామ్ ఎక్కింది, బహుశా ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రోగ్రామ్‌లో పిన్ సంఖ్యను 15గా మార్చి, బోర్డు అంచున 20వ కాలికి (చిప్ 15వ పిన్ బయటికి వచ్చేది ఇక్కడే) 330 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒక ఎల్‌ఈడీ పొడవు కాలును, 18వ కాలికి (గ్రౌండ్) పొట్టి కాలును కలపండి. అది మిణుకుమంటే బోర్డు క్షేమం.

బోర్డు మీది ఎల్‌ఈడీయే కావాలంటే బిల్డ్ దశకు వెళ్లాలి. బిల్డ్‌ను నడిపించే సీమేక్ అనే సాధనానికి బోర్డు పేరు చెప్పకపోతే అది మామూలు పికో అనే అనుకుంటుంది కనుక, పాత బిల్డ్ ఫోల్డర్‌ను పూర్తిగా తొలగించి, బోర్డు పేరును పికో డబ్ల్యూగా ఇచ్చి మొదటి నుంచి బిల్డ్ చేయండి. ప్రోగ్రామ్‌లో కూడా ముందుగా వైఫై చిప్‌ను సిద్ధం చేసే ఫంక్షన్‌ను పిలిచి, ఆపై పిన్‌ను దాని ద్వారానే మార్చాలి. అందుకు అవసరమైన లైబ్రరీని సీమేక్ ఫైల్‌లో చేర్చడం మరవకండి. వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ (ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) కూడా మీ ఫైల్‌లోనే చేరుతుంది కాబట్టి దాని పరిమాణం కొన్ని వందల కిలోబైట్లకు పెరిగితే కంగారుపడవద్దు.

ఇక మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేయడం గురించి. బూట్‌సెల్ నొక్కినప్పుడు నడిచే కోడ్ చిప్‌లోపలి 16 కిలోబైట్ల రోమ్‌లో ఉంటుంది; దానిని ఏ ప్రోగ్రామూ చెరపలేదు. మీ ప్రోగ్రామ్ చేరేది విడిగా ఉన్న 2 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీలోకి. అటువంటి ఫ్లాష్ లక్షసార్లు చెరిపి రాసినా తట్టుకుంటుంది.

ప్రశ్న: బూట్‌సెల్ నొక్కి పెట్టినా నాకు డ్రైవే కనిపించడం లేదు. ఏం చేయాలి?
— పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందుగా కేబుల్ మార్చండి. ఫోన్ చార్జర్లతో, పవర్‌బ్యాంకులతో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు ఉండవు. కేబుల్ తగిలించాక బటన్ నొక్కితే కూడా ఫలితం ఉండదు. నొక్కి పట్టుకునే తగిలించి, ఆ తర్వాత వదలాలి.