సింథ్‌లో సస్టెయిన్ పెడల్ వదలగానే, వేలి కింద ఉన్న నోట్లు కూడా ఎందుకు ఆగిపోతున్నాయి?

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీ కోడ్ పెడల్ నొక్కి ఉన్నంతసేపు నోట్-ఆఫ్‌లను (కీ వదిలినప్పుడు కీబోర్డ్ పంపే మెసేజ్‌లను) వదిలేస్తోంది, పెడల్ లేవగానే మోగుతున్నవన్నీ ఆపేస్తోంది. అందుకే ఇంకా కీ మీదే వేలున్న నోట్లు కూడా పోతున్నాయి. నేను మొదట రాసిన పియానో సింథ్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఫ్లాగ్ మీద ఫ్లాగ్ పెడుతూ పోయాను. ఒకటి సరిచేస్తే ఇంకొకటి పాడయ్యేది, ఏదో ఒక నోటు ఆగకుండా మోగుతూనే ఉండేది.

ఒక గ్రాండ్ పియానో మూత తీసి ఉండగా లోపలికి చూశాకే విషయం అర్థమైంది. తీగల మీద ఫెల్ట్ అంటించిన డ్యాంపర్లు కూర్చుని ఉంటాయి. ఒక కీ నొక్కితే దాని డ్యాంపర్ ఒక్కటే లేస్తుంది, కుడి పెడల్ నొక్కితే అన్నీ కలిసి లేస్తాయి. అంటే పెడల్ ఏ నోటునూ పట్టి ఉంచదు, తీగను ఆపేదాన్ని తప్పిస్తుంది. కోడ్‌లోనూ అంతే రాయండి: ప్రతి నోటుకూ కీ కింద ఉందా లేదా అన్నది ఒకచోట, పెడల్ విలువ ఇంకోచోట ఉంచండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి నొక్కి ఉన్నా డ్యాంపర్ పైన ఉన్నట్టే. నోట్-ఆన్, నోట్-ఆఫ్, పెడల్, ఏ మెసేజ్ వచ్చినా ఈ షరతును మళ్లీ లెక్కకట్టండి. వాయిదా వేసిన నోట్-ఆఫ్‌ల జాబితా అక్కర్లేదు. వెలాసిటీ (కీ కొట్టిన బలం) 0తో వచ్చే నోట్-ఆన్‌ను నోట్-ఆఫ్‌గానే తీసుకోవాలన్నది మాత్రం మరిచిపోవద్దు.

ఇక్కడ ఏడీఎస్ఆర్ ఎన్వలప్ (అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు దశల్లో నోటు స్థాయిని నడిపే పద్ధతి) గురించి చెప్పాలి, ఎందుకంటే నా సమయం ఎక్కువగా తిన్నది అదే. అందులోని సస్టెయిన్, పెడల్ పేరులోని సస్టెయిన్ ఒకటి కావు. పెడల్ ఎంతసేపు నొక్కినా పియానో నోటు మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. ఒక స్థాయిలో నిలబడితే అది ఆర్గన్‌లా వినిపిస్తుంది. చివరికి నేను పియానోకు ఏడీఎస్ఆర్ మానేసి, ప్రతి వాయిస్ (సింథ్‌లో మోగుతున్న ఒక్కో నోటు) స్థాయినీ ప్రతి శాంపిల్‌కూ (ధ్వనిని లెక్కకట్టే ఒక్కో చిన్న అడుగుకూ) రెండు గుణకాలతో గుణించడం మొదలుపెట్టాను. ఒకటి తీగ సహజంగా తగ్గే వేగం. రెండోది డ్యాంపర్‌ది: పైన ఉంటే 1, కింద ఉంటే 1 కంటే కాస్త తక్కువ.

ఈ ఒక్క మార్పుతో నేను విడిగా రాయాలనుకున్న నాలుగు పనులు వాటంతట అవే జరిగిపోయాయి. కీ వదిలాక శబ్దం ఇంకా పూర్తిగా చావకముందే పెడల్ నొక్కితే, అసలు పియానోలో మిగిలిన శబ్దం ఆ స్థాయి నుంచే కొనసాగుతుంది. ఇక్కడా గుణకం మళ్లీ 1 అవుతుంది కాబట్టి అలాగే వస్తుంది. సగం పెడల్ కావాలంటే ఆ గుణకాన్ని పెడల్ విలువను బట్టి మధ్యలో ఎక్కడో పెడితే చాలు. డ్యాంపర్లు మందమైన బేస్ తీగలను వెంటనే ఆపలేవు కాబట్టి కింది నోట్లకు గుణకం 1కి ఇంకాస్త దగ్గరగా ఉంచాను. పియానోలో పైన సుమారు ఒకటిన్నర ఆక్టేవ్‌కు డ్యాంపర్లే ఉండవు. అందుకని మిడి (కీబోర్డ్ మెసేజ్‌లు పంపే ప్రమాణం) నోటు 90 నుంచి ఎప్పుడూ 1 పెట్టాను. పై నోట్లు ఆ తర్వాతే నిజంగా మెరిసినట్టు వినిపించాయి.

మిడిలో పెడల్ మెసేజ్ కంట్రోలర్ నంబర్ 64. ఆన్-ఆఫ్‌గా చదివితే 0 నుంచి 63 వరకు ఆఫ్, 64 నుంచి 127 వరకు ఆన్. విలువలు నిరంతరంగా పంపే పెడల్ అయితే 64 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఆన్-ఆఫ్‌గా చదివేటప్పుడు నేను 70 దాటితే ఆన్, 55 కంటే తగ్గితే ఆఫ్ అని పెట్టుకున్నాను. నొక్కకుండానే అన్నీ మోగుతూ ఉంటే మాత్రం తప్పు మీ కోడ్‌ది కాకపోవచ్చు, కొన్ని పెడళ్ల స్విచ్ ఉల్టాగా ఉంటుంది.

పెడల్ కింద ఉండగా ఒకే కీని పదిసార్లు కొడితే పది వాయిస్‌లు పేరుకుపోతాయి, శబ్దం ఉబ్బిపోతుంది, మిగతా నోట్లకు వాయిస్‌లు మిగలవు. అసలు పియానోలో సుత్తి కొట్టేది అవే తీగలను. కాబట్టి కొత్తది మొదలవగానే పాతదాన్ని 40 మిల్లీసెకన్లలో తగ్గించేస్తున్నాను. ఒక్కసారిగా కోస్తే టక్కుమని వినిపిస్తుంది.

పియానో బాగా వచ్చిన స్నేహితురాలితో వాయింపించినప్పుడు ఇంకో తప్పు బయటపడింది. కొత్త కార్డ్ (కలిపి కొట్టే నోట్ల గుంపు) కొడుతూనే పెడల్ ఎత్తి, వెంటనే మళ్లీ నొక్కడం పియానిస్టులకు అలవాటు. నేనేమో ఒక బఫర్‌లో (ఒకేసారి లెక్కకట్టే శాంపిళ్ల గుంపులో) వచ్చిన పెడల్ మెసేజ్‌లన్నిటినీ ముందు, నోట్లను తర్వాత చూస్తున్నాను. 44,100 హెర్ట్‌జ్ దగ్గర 512 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 12 మిల్లీసెకన్లు. పెడల్ లేచి దిగడం మొత్తం అందులోనే అయిపోతే పాత కార్డ్ ఆగనే ఆగదు, కొత్తదానితో కలిసి బురదలా వినిపిస్తుంది. మెసేజ్‌లను వచ్చిన వరుసలోనే, వాటి శాంపిల్ స్థానం దగ్గరే అమలు చేయండి.

తీగల అనునాదం (ఒక తీగ మోగితే మిగతా తీగలూ కలిసి మోగడం) గురించి ఇప్పుడే ఆలోచించకండి, ముందు ఇవి కుదరనివ్వండి.

సరిచూసుకోవడానికి నేను వాడేది ఇది: ఒక కార్డ్ కొట్టి, పెడల్ నొక్కి, చేతులు తీసేయండి. ఇంకో కీ నొక్కి పట్టుకోండి. ఇప్పుడు పెడల్ వదిలితే కార్డ్ ఆగిపోయి, వేలి కింద ఉన్న నోటు ఒక్కటే మిగలాలి. వెంటనే మళ్లీ పెడల్ నొక్కి చూడండి, కార్డ్ తోక కొంచెం దొరకాలి.