కొల్లూరు డబుల్ బెడ్రూం అద్దెకు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. జీడిమెట్లలో కంపెనీ పని. ఇంట్లో నలుగురం. నెలకు 19 వేలు వస్తే జగద్గిరిగుట్టలో పోర్షన్‌కు 7 వేలు, కరెంటుకు 1,500 పోతున్నాయి. సర్కారు తక్కువ అద్దెకు ఇళ్లు ఇస్తుందంటున్నారు, నిజమేనా? ఒకాయన కొల్లూరు డబుల్ బెడ్రూం 4 వేలకే ఇప్పిస్తా, 40 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నాడు. కట్టొచ్చా?

జవాబు: ఆ 40 వేలు కట్టకండి. కొల్లూరులో ప్రభుత్వం కట్టించిన 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు సొంతిల్లు లేని పేదలు తాముగా ఉండడానికి కేటాయించినవి. వాటిని అమ్మడానికీ అద్దెకివ్వడానికీ వీల్లేదు. తనిఖీలో వేరేవాళ్లు ఉంటున్నారని తేలితే కేటాయింపు రద్దవుతుంది, మీరు సామానుతో రోడ్డు మీద పడతారు. ఇవ్వడానికి హక్కే లేని ఇల్లు కాబట్టి, అగ్రిమెంటు రాసుకున్నా అడ్వాన్స్ రాబట్టుకోవడం చాలా కష్టం.

ఇక సర్కారు సాయం. నెలనెలా అద్దె డబ్బు ఖాతాలో వేసే పథకం హైదరాబాద్‌లో లేదు. అలా ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే మోసమే. ఉన్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశ. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ఈ దశలో అద్దె ఇళ్లకు విడిగా ఒక విభాగం ఉంది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకు సిద్ధం చేయడం, కొత్తగా అద్దె సముదాయాలు కట్టించడం ఇందులోకి వస్తాయి. మీ ఏడాది ఆదాయం 2.28 లక్షలు. 3 లక్షల లోపు కాబట్టి మీరు ఆర్థికంగా బలహీన వర్గాల (ఈడబ్ల్యూఎస్) కోటాలోకి వస్తారు.

దరఖాస్తు ఆ పథకం వెబ్‌సైట్‌లోనే చేసుకోవచ్చు. ఇంట్లో అందరి ఆధార్, మీ సేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో లింకైన బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. చాలామంది తడబడేది సొంతూళ్లో ఉన్న ఇంటి విషయంలో. కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. ఊళ్లో పక్కా ఇల్లు మీ నాన్నగారి పేర ఉంటే అడ్డు కాదు. మీ పేరనో మీ భార్య పేరనో దేశంలో ఎక్కడ ఉన్నా అర్హత పోతుంది. గత 20 ఏళ్లలో ఏదైనా ప్రభుత్వ గృహ పథకంలో లబ్ధి పొందినా అంతే. అయితే ఒకటి గుర్తుంచుకోండి: దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన ఇల్లు వచ్చినట్టు కాదు. దాన్ని నమ్ముకుని ఉన్న పోర్షన్ ఖాళీ చేయొద్దు.

మీకు వెంటనే డబ్బు మిగిలే చోటు కరెంటు బిల్లు. నెలకు 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. అద్దెకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మరి మీరు 1,500 ఎందుకు కడుతున్నారు? బహుశా మీది సబ్ మీటరు, అంటే యజమాని కనెక్షన్ నుంచి మీ పోర్షన్‌కు పెట్టిన లోపలి మీటరు అయ్యుంటుంది. మూడు పోర్షన్లకు ఒకటే సర్వీసు (కరెంటు కనెక్షన్) ఉంటే అందరి వాడకం కలిసి ఎక్కువ రేటుండే పై స్లాబులోకి ఎక్కుతుంది, యజమాని యూనిట్‌కు 10 రూపాయల చొప్పున వసూలు చేస్తాడు. అదే 150 యూనిట్లు విడి సర్వీసు మీదైతే ఎనర్జీ ఛార్జీ (వాడిన యూనిట్ల ధర) 580 రూపాయలే, గృహజ్యోతి ఉంటే అదీ ఉండదు. అందుకే ఈసారి టులెట్ బోర్డు చూసి వెళ్లినప్పుడు ముందు కరెంటు బిల్లు చూపించమనండి. ఆ పోర్షన్‌కు సొంత యూఎస్‌సీ నంబర్ (బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబర్) ఉందా, పాత బాకీ ఉందా చూసుకోండి. 7,500 అయినా విడి మీటరున్న పోర్షనే మీకు చవక. చేరాక రేషన్ కార్డు, ఆధార్, బిల్లు జిరాక్సులతో మీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులోని ప్రజాపాలన కేంద్రంలో గృహజ్యోతికి లింకు చేయించుకోండి. ఎండాకాలంలో కూలర్ వేసి 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

ప్రశ్న: అమీర్‌పేటలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 22 వేలు. లేడీస్ హాస్టల్‌కే 8 వేలు అవుతోంది. ప్రభుత్వ హాస్టల్ దొరుకుతుందా?

జవాబు: ఉద్యోగినుల కోసం కేంద్రం సాయంతో నడిచే సఖీ నివాస్ హాస్టళ్ల గురించి జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. పెద్ద నగరాల్లో నెల జీతం 50 వేలు దాటకూడదు. గది అద్దె జీతాన్ని బట్టి ఉంటుంది: ఒక్కరుండే గదికి 15 శాతం, ఇద్దరికైతే 10, డార్మిటరీకి 7.5 మించకూడదు. మీ జీతానికి ఇద్దరుండే గది 2,200 దాటదు, భోజనం ఖర్చు వేరు. చేరడానికి పని చేసే చోటు నుంచి జీతం, ఉద్యోగం రుజువు చేసే పత్రం కావాలి. జీతం చేతికిచ్చే చోట చాలామందికి ఇదే దొరకదు, కనీసం లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ప్రశ్న: 11 నెలల అగ్రిమెంటు అయిపోయింది, ఇంటి యజమాని అద్దె మాత్రం తీసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు మూడు రోజుల్లో ఖాళీ చేయమంటున్నారు.

జవాబు: అగ్రిమెంటు ముగిశాక కూడా అద్దె తీసుకుంటున్నారంటే అది నెలవారీ అద్దె కిందికి వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు నగదుగా ఇచ్చుంటే రుజువుండదు, ఇక నుంచి అద్దె ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి. నీళ్లు ఆపినా తాళం వేసినా 100కు ఫోన్ చేయండి. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవా సంస్థ నంబర్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు.