తప్పు జరిగినప్పుడు ‘చిన్న’ అని రాయకండి

“నా వల్ల ఆఫీసులో ఒక పొరపాటు జరిగింది, మేనేజరుకి మెసేజ్ మర్యాదగా ఎలా మొదలుపెట్టాలి?” అని అడిగారు. మర్యాద సంగతి తర్వాత చూద్దాం. అసలు విషయం మొదటి వాక్యంలోనే ఉండాలి.

నేను 2012 నుంచి విశాఖ పోర్టు దగ్గర ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చేస్తున్నాను. మా సరుకు ఎక్కువగా రొయ్యలే. ఫ్రోజెన్ రొయ్యలు వెళ్లే కంటైనర్‌కి టెంపరేచర్ −18 డిగ్రీలు పెట్టాలి. కొన్నేళ్ల క్రితం ఒక శనివారం బుకింగ్ ఫారంలో నేను 18 అని కొట్టాను. మైనస్ పడలేదు.

ఆ సంగతి రాత్రి ఎనిమిదిన్నరకి గాజువాకలో ఇంట్లో కాపీ చూస్తుంటే తెలిసింది. చేతులు చల్లబడిపోయాయి. మా మేనేజరు సింహాచలంలో బంధువుల పెళ్లిలో ఉన్నారు. పావుగంట రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి ఇలా పంపాను: “గుడ్ ఈవెనింగ్ సార్. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. బుకింగ్‌లో ఒక చిన్న కరెక్షన్ ఉంది. వీలు చూసుకుని చెప్పగలరు.”

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఎందుకుంటుంది? చిన్నదని నేనే రాశాను, పెళ్లిలో ఉన్న మనిషి పొద్దున చూద్దాం అనుకున్నారు.

పది దాటాక యార్డులో రీఫర్ (చల్లగా ఉంచే కంటైనర్) టెక్నీషియన్ మేనేజరుకే ఫోన్ చేశాడట. “సార్, బండి మైనస్ పద్దెనిమిదిలో వచ్చింది, కాగితంలో ప్లస్ ఉంది, ఏది పెట్టమంటారు?” ఆ కుర్రాడు అడక్కుండా కాగితం ప్రకారం మార్చేసి ఉంటే సరుకు మొత్తం కరిగిపోయేది. వెంటనే మేనేజరు నాకు ఫోన్ చేసి, “ఏటయ్యా, ఇది చిన్న కరెక్షనా?” అన్నారు. తిట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

ఫోన్ పెట్టేశాక రాసిన మెయిల్ ఇలా ఉంది, తెలుగులో చెబుతున్నా: “ఈ నంబరు కంటైనర్ బుకింగ్‌లో టెంపరేచర్ +18 అని వెళ్లింది. ఉండాల్సింది −18. తప్పు నాది. కంటైనర్ ఇప్పుడు యార్డులో కరెంటు ప్లగ్‌లో ఉంది, సెట్టింగు కదపొద్దని టెక్నీషియన్‌కి ఫోన్‌లో చెప్పాను. సవరించిన బుకింగ్ ఈ రాత్రే షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) నుంచి రావాలి. దానికి మీరు వాళ్ల మేనేజరుతో ఒకసారి మాట్లాడాలి.” ఏం జరిగింది, ఎవరి వల్ల, ఇప్పుడు ఎలా ఉంది, చదివేవాళ్లు ఏం చెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. క్షమాపణ ఆ మర్నాడు ఎదురుగా నిలబడి చెప్పాను.

హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబర్ 12 తర్వాత, ఫోన్లు పనిచెయ్యక చీటీలు రాసి మనిషికిచ్చి పంపేవాళ్లం. వాటిలో ఒక్క అనవసరపు మాట ఉండేది కాదు. ఇప్పుడేమో “హాయ్ సార్”, “ఉన్నారా సార్” అని రెండు మెసేజ్‌లు పెట్టి జవాబు కోసం కూర్చుంటారు. ఇంకొందరు మూడు నిమిషాల వాయిస్ పెడతారు, అందులో కంటైనర్ నంబరు చివర ఎక్కడో ఉంటుంది. నలభై మంది ఉన్న గ్రూపులో ఒకరి తప్పు పెట్టేవాళ్లంటే నాకు అస్సలు పడదు. పంపాక డిలీట్ చెయ్యడం కూడా వద్దు. అక్కడ మిగిలిన గుర్తు చూసి అవతలివాళ్లు ఇంకా ఎక్కువ ఊహించుకుంటారు. 2023 నుంచి వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు సరిదిద్దే వీలుంది, అంకె తప్పు పడితే దాన్ని వాడండి.

నాకు తెలిసి ‘చిన్న’ అనే మాట భయం వల్లే వస్తుంది. ఆ భయం పెట్టేది పైవాళ్లే. చెప్పినవాడి మీద అరిస్తే రెండోసారి ఎవడు చెబుతాడు? మేనేజర్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

విషయం పెద్దదైతే ముందు ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత మాట్లాడింది మొత్తం మెయిల్‌లో పెట్టండి. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నాకు ఫోన్ చేసి, వెంటనే రాసింది: “సార్, సీల్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాను. ఓడ రేపు సాయంత్రం. సరిచేసిన కాపీ జత చేశాను, మీరు ఓకే అంటే లైన్‌కి పంపుతాను.” చూసి, ఓకే అన్నాను.