టాన్సిల్స్ తీయించుకున్న నాలుగో రోజు: అసలు నొప్పి ఇంకా ముందుంది

మీరు అడిగినవి మూడు. ఆపరేషనై నాలుగో రోజు, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతోంది, ఇది మామూలేనా? టాన్సిల్స్ ఉన్నచోట తెల్లగా కనిపిస్తోంది, చీము పట్టిందా? సోమవారం ఆఫీసుకి వెళ్ళొచ్చా? వరసగా చెప్పాలంటే: మామూలే, చీము కాకపోవచ్చు, వద్దు. నేను డాక్టర్ని కాను. ముప్పై నాలుగేళ్ళప్పుడు ఇదే ఆపరేషన్ చేయించుకుని రెండు వారాలు మంచం పట్టినవాణ్ణి, అంతే.

నన్ను దెబ్బతీసింది మొదటి రెండు రోజులు బాగుండటమే. మత్తు దిగాక గొంతు మండింది గానీ చల్లటి నీళ్ళు దిగాయి, నిద్ర పట్టింది. పెద్దయ్యాక చేయించుకుంటే నరకమే అని భయపెట్టినవాళ్ళంతా గోరంతను కొండంత చేశారనుకున్నాను. రెండో రోజు రాత్రి, ఇంక అవసరం లేదులే అని ఒక డోసు మందు మానేసి పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసరికి నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అతుక్కుని ఉంది. గుటక వేయబోతే గొంతులోంచి ముళ్ళకంప లాగినట్టయింది. మాత్ర వేసుకుందామంటే దిగదు. నీళ్ళలో కరిగించి చెంచాతో కొంచెం కొంచెంగా మింగి, అది పనిచేసేదాకా ఉమ్మి కూడా మింగలేక ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ లేచి ఏమైందని అడిగితే మాట రాదు, సైగలు. మింగలేక కక్కలేక అన్న మాట ఎవరో టాన్సిల్స్ తీయించుకున్నవాళ్ళే పుట్టించి ఉంటారు.

ఆ రాత్రి నుంచి ఫోన్లో అలారం పెట్టాను. డాక్టర్ రాసిన మందు నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేసుకోవాలి, రాత్రి కూడా లేచి. మొదటి వారం పది రోజులకి నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే అయినా చాలు. మాత్రలు దిగకపోతే ద్రవరూపంలోనో నీళ్ళలో కరిగేవో రాయమని అడగండి, దొరుకుతాయి. మధ్యలో జలుబు మందులాంటిదేదైనా వేసుకునేముందు డబ్బా మీద చదవండి. చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, మీకు తెలియకుండానే డోసు రెండింతలవుతుంది. ఐబుప్రొఫెన్ కొందరు సర్జన్లు ఇస్తారు, కొందరు వద్దంటారు, మీ సర్జన్ మాటే వినండి. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా వేసుకోవద్దు, రక్తం గడ్డకట్టనివ్వదు. ఇంకో మాట, ఎవరూ ముందు చెప్పరు: ఘాటైన నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. ముక్కితే గొంతులో ఒత్తిడి పెరుగుతుంది. దానికీ ముందే ఏదైనా రాయించుకోండి.

నొప్పి ఇప్పుడెందుకు పెరిగిందంటే, టాన్సిల్స్ తీసిన చోట సాధారణంగా కుట్లు వేసి మూయరు. కండ బయటపడ్డ పచ్చి పుండు అలాగే ఉండి అడుగునుంచి మానుకుంటూ వస్తుంది. మీరు వేసే ప్రతి గుటకకీ ఆ కండే కదలాలి. దానిమీద ఒకటి రెండు రోజుల్లో తెల్లగానో పసుపుగానో బూడిదరంగులోనో పొర కడుతుంది. మీకు అద్దంలో కనిపించింది అదే అయుండాలి. బయట చర్మం మీద పుండుకి పక్కు కడితే ఎండి గోధుమరంగులో ఉంటుంది, గొంతులో తడికి అది తెల్లగా నాని ఉంటుంది. నేనైతే రోజుకి నాలుగుసార్లు టార్చి వేసుకుని చూసి బెంగపడేవాణ్ణి. కొండనాలుక వాచి బొటనవేలంత కనిపించేది. నోరు కంపు కొడుతుంది, మీకే తెలుస్తుంది. ఇవన్నీ ఉండేవే. జ్వరం 101 దాటి దిగకపోతే మాత్రం ఫోన్ చేయాలి.

ఆ పక్కు ఐదు నుంచి పది రోజుల మధ్య కొంచెం కొంచెంగా ఊడుతుంది. కింద లేత కండ బయటపడుతుంది కాబట్టి నొప్పి మళ్ళీ ఎగదన్నుతుంది. నాకు ఆరో రోజు, ఏడో రోజు అన్నిటికంటే ఘోరం. అప్పుడే చెవిపోటు కూడా మొదలైంది, ఎడమవైపు, ఆవలించినప్పుడల్లా. చెవికి ఇన్ఫెక్షన్ పాకిందనుకుని పరిగెత్తాను. చెవిలో ఏమీ లేదు. గొంతుకీ నడిమి చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయట, గొంతు నొప్పిని మెదడు చెవినొప్పిగా పొరబడుతుంది. చెవిలో చుక్కలు వేసినా లాభం లేదు, గొంతు మానితే అదే పోతుంది.

నీళ్ళ సంగతి. నొప్పికి భయపడి తాగడం మానేస్తే గొంతు ఎండుతుంది, ఎండితే తర్వాతి గుటక ఇంకా నొప్పి. పక్కన సీసా పెట్టుకుని మెలకువగా ఉన్నంతసేపూ పది నిమిషాలకొక గుక్క. ఒక కిటుకు: మొదటి రెండు గుటకలే చంపుతాయి, మూడో నాలుగో గుటకకి కండ సడలుతుంది. అందుకని మొదలుపెడితే ఆపకుండా ఐదారు గుక్కలు తాగేసేవాణ్ణి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే మీకు నీళ్ళు చాలట్లేదు. ఐస్ ముక్కలు నాకు మందులతో సమానం. అందరూ ఊరించిన ఐస్‌క్రీమ్ మాత్రం నాకు పడలేదు, గొంతులో జిగట పేరుకుని ఖకారించాలనిపించేది, ఖకారించడం ఆ సమయంలో చేయకూడని పని. మీకు పడితే తినండి. పులుపు, కారం, పొగలు కక్కే వేడి, గరగరలాడేవి వద్దు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే వాపు కొంత నయం.

ఇక రక్తం. ఏడో రోజు రాత్రి నోట్లో ఇనుము రుచి తగిలి లేచాను. తెల్లటి సింకులో ఉమ్మితే ఎర్రగా, చారలు కాదు, రక్తమే. కాళ్ళు వణికాయి. ఐస్ నీళ్ళు పుక్కిలిస్తూ, తల ముందుకి వంచి, మింగకుండా ఉమ్ముతూ ఆస్పత్రికి వెళ్ళాం. వెళ్ళేసరికి తనంతట తనే ఆగింది, అయినా ఒక రాత్రి ఉంచి చూశారు. నాది అరుదైన సంగతేమీ కాదు. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, ఆపరేషన్ జరిగిన పెద్దవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి చిన్నదో పెద్దదో రక్తస్రావం అయింది. ఉమ్మిలో సన్నటి చార కనిపిస్తే ఐస్ నీళ్ళు తాగి గమనించండి. ఎర్రటి రక్తం వస్తూనే ఉన్నా, గడ్డలు పడినా, వాంతిలో రక్తం కనిపించినా పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు. మీరే బండి నడుపుకుంటూ కూడా వెళ్ళొద్దు.

మీ సోమవారం అంటే ఆరో రోజన్నమాట. పైన చెప్పినదంతా సరిగ్గా అప్పుడే జరుగుతుంది. పెద్దవాళ్ళకి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. నేను పన్నెండో రోజు వెళ్ళి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను, మీటింగులో గంటసేపు మాట్లాడాక గొంతు మొరాయించింది. రెండు వారాలు బరువులెత్తడం, వ్యాయామం, దూరప్రయాణాలు పెట్టుకోవద్దు. సెలవు ఇప్పుడే పొడిగించి రాయించుకోండి. నాలుగు కిలోలు తగ్గాను, నెలలో తిరిగొచ్చేశాయి. నాలుక మీద రుచి మూడు వారాలు మొద్దుబారి ఉండి మెల్లగా వచ్చింది. పదిహేనో రోజు పొద్దున్న నోరంతా తెరిచి ఆవలించాక గానీ గుర్తు రాలేదు, చెవి నొప్పి పుట్టలేదని.