ఫైళ్ల సంచి ఫోన్లో పడుతుందా?
ఆరోగ్య రికార్డుల యాప్‌లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా అమ్మకు ఆరు నెలల కిందట ఆభా నంబరు తీశాం. పద్నాలుగు అంకెలూ వచ్చాయి, యాప్ కూడా ఎక్కించాం. తెరిచి చూస్తే లోపల ఒక్క కాగితం లేదు. పదేళ్లుగా చూపిస్తున్న ఆసుపత్రి రిపోర్టులన్నీ ఏమైనట్టు?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

ఏమీ కాలేదండీ, అవి ఉన్నచోటే ఉన్నాయి. ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు. ఆ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. అందరి రిపోర్టులూ ఢిల్లీలో ఒకచోట పోగవుతాయని చాలామంది అనుకుంటారు గానీ అలా కట్టలేదు. రిపోర్టు తయారుచేసిన ఆసుపత్రి లేదా ల్యాబు కంప్యూటర్లోనే అది ఉంటుంది. మీరు అడిగి, ఒప్పుకుంటేనే అక్కణ్ణుంచి మీ యాప్‌లోకి వస్తుంది. అలా రావాలంటే మొదట ఆ ఆసుపత్రి ఈ వ్యవస్థలో చేరి ఉండాలి. తర్వాత అక్కడి రిజిస్టరులో మీ అమ్మగారి పేరుకు ఆభా నంబరు జతపడాలి. కాగితం మీద చేత్తో రాసిచ్చిన పాత చీటీలు ఎలాగూ తమంతట తాము రావు. వాటిని మీరే ఎక్కించుకోవాలి.

ఆసుపత్రి చేరి ఉంటే ఇలా చేయండి. యాప్‌లో ఆసుపత్రులను జతచేసే చోట దాని పేరు వెతికి, రికార్డులు తెమ్మని నొక్కండి. మీ అమ్మగారు వెళ్లిన తేదీలు వరుసగా కనిపిస్తాయి. కావలసినవాటికి టిక్కు పెడితే ఓటీపీ వస్తుంది. అది కొడితే పని అయినట్టే.

‘రికార్డులు దొరకలేదు’ అని వస్తే లోపం ఎక్కువగా పేరులో ఉంటుంది. వెతుకులాట పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబరు చూసి సాగుతుంది. ఇక్కడే మన తెలుగువాళ్లకు చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఓపీ చీటీలో పొడి అక్షరమే ఉంటుంది. ఒకచోట సూర్యనారాయణ ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. వయసు సంగతి మరీను. కౌంటరు దగ్గర ‘అరవై రాసుకోండి’ అనేస్తాం, ఆధార్‌లో చూస్తే అరవై ఏడు. నంబరు అల్లుడిది ఇచ్చి ఉంటాం, ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. యాప్‌తో ఎంత కుస్తీ పట్టినా ఇవి తీరవు. ఈసారి వెళ్లినప్పుడు ఓపీ కౌంటర్లో ఆధార్, ఆభా నంబరు చూపించి, పేరు, పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు ఆధార్‌లో ఉన్నట్టే దిద్దించండి. ఆసుపత్రి మీ అమ్మగారికి ఇచ్చిన పాత ఎమ్మార్ (మెడికల్ రికార్డు) నంబరు మీదే దిద్దమని గట్టిగా చెప్పండి. కొత్త నంబరు తీస్తే పాత రిపోర్టులు వేరే మనిషివి అయిపోతాయి.

మరొక్కమాట. ఆభా వేరు, ఐదు లక్షల వైద్యం వర్తించే ఆయుష్మాన్ కార్డు వేరు. ఆభా నంబరుతో బిల్లు కట్టడం కుదరదు.

పెద్ద ఆసుపత్రిలో ఓపీ కౌంటరు గోడకు క్యూఆర్ అంటించారు. దాన్ని స్కాన్ చేస్తే నా జబ్బుల వివరాలన్నీ వాళ్లకు వెళ్లిపోతాయా?
— ఒక పాఠకురాలు, వరంగల్

వెళ్లవు. పేరు, వయసు, చిరునామా, ఫోను, ఆభా నంబరు వంటి రిజిస్ట్రేషను వివరాలే వెళ్తాయి. బదులుగా టోకెన్ నంబరు వస్తుంది. జబ్బుల సంగతి చూడాలంటే వేరుగా మీ అనుమతి అడగాలి. నిరభ్యంతరంగా స్కాన్ చేయండి. ఫారం నింపే క్యూ తప్పడమే కాదు, పై జవాబులో చెప్పిన పేరు తేడాలు కూడా మొదట్లోనే తప్పుతాయి.

నాన్నగారి ఫైలు మూడు కిలోలుంది. అంతా ఎక్కించాలా? ఫొటోలు తీస్తే డాక్టరుగారు ‘ఏమీ కనబడటం లేదు’ అంటున్నారు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

అంతా వద్దు. మూడు కిలోల కాగితాన్ని మూడు వందల ఫొటోలు చేస్తే డాక్టరుకు ఇంకా కష్టం. సంచిలోనైతే కనీసం చేత్తో తిరగేయవచ్చు.

డిశ్చార్జ్ సమ్మరీలు ఎంత పాతవైనా అన్నీ ఎక్కించండి. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు కూడా. స్టెంటు వేసి ఉంటే దాని కార్డు, పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు రెండువైపులా తీయండి. ఎమ్మారై తీసే ముందు అడిగేది ఆ కార్డే. ఈసీజీ, ఎకోలలో చివరిది ఒకటి, బాగున్న రోజుల్లో తీసిన పాతది ఒకటి చాలు. ఛాతీలో నొప్పి వచ్చిన రోజున కొత్త ఈసీజీని పోల్చి చూడటానికి ఆ పాతదే పనికొస్తుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ), కొలెస్టరాల్ లాంటివి గత రెండేళ్లవి పెట్టండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు రోజూ తీసిన రక్తపరీక్షల సారం డిశ్చార్జ్ సమ్మరీలోనే ఉంటుంది, వాటిని వదిలేయండి. ఎక్స్‌రే, సీటీల విషయంలో యాప్‌లోకి వచ్చేది సాధారణంగా రాతపూర్వక రిపోర్టే. సర్జన్లు బొమ్మలు అడుగుతారు కాబట్టి సీడీని, ఫిల్మునీ పారేయకండి.

ఫొటో సంగతి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ ఆపి తీయండి. కాగితాన్ని బల్లమీద పరిచి, ఫోనును దానికి సరిగ్గా పైన పట్టుకుని, నాలుగు మూలలూ పడేలా చూడండి. ఫోన్లోని డాక్యుమెంట్ స్కానరుతో తీస్తే పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా వస్తాయి. విడివిడి ఫొటోల్లో రెండో పేజీ మీద పేరు, తేదీ లేక అది ఎవరిదో తెలియకుండా పోతుంది. తీశాక వేళ్లతో పెద్దది చేసి, అంకె పక్కన సన్న అక్షరాల్లో ఉండే సాధారణ పరిధి చదవగలుగుతున్నారా చూడండి. అది కనిపిస్తే మిగతావీ కనిపిస్తాయి. ల్యాబు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిస్తే దాన్నే ఎక్కించండి, తెరమీద చూస్తూ ఫొటో తీయొద్దు.

ఈసీజీ చాలాచోట్ల వేడికి నల్లబడే కాగితం మీద వస్తుంది. ఏళ్లు గడిస్తే గీత వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా పోతుంది. భద్రమని లామినేషన్ చేయించారో, ఆ వేడికి కాగితమంతా నల్లబడి కూర్చుంటుంది. వచ్చిన రోజే స్కాన్ చేసి, ఒక జిరాక్సు తీయించండి.

ఫైలు పేరును సంవత్సరం, నెల, తేదీ వరుసలో మొదలుపెట్టండి: 2024-06-18 క్రియాటినిన్. అలా అయితే ఫోను వాటిని తేదీల క్రమంలోనే పేరుస్తుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పేజీ తయారుచేయండి. మేమైతే యాప్ తెరవకముందే ఇది రాయమంటాం. పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు, జరిగిన ఆపరేషన్లు వాటి సంవత్సరాలు, ఉన్న జబ్బులు. మందుకు బ్రాండు పేరు ఒక్కటే రాస్తే చాలదు, అట్ట మీది అసలు పేరూ మోతాదూ రాయాలి. షుగరుకు వాడే రెండు మందుల కలయిక బిళ్లల్లో పేరు చివర ఉండే ఒకటి, రెండు అంకెలు తరచు ఆ రెంటిలో ఒకటైన గ్లైమిపిరైడ్ మోతాదును చెబుతాయి. ఆ అంకె మరిచి పేరు మాత్రమే రాస్తే రెట్టింపు మందు మింగి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. ఆపేసిన మందును చెరిపేయకండి. ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో పక్కనే రాయండి: ‘రామిప్రిల్ (బీపీ మందు), పొడిదగ్గు వచ్చి ఆపాం’. ఈ ఒక్క ముక్క లేక అదే జాతి మందును మళ్లీ రాస్తారు, దగ్గు మళ్లీ మొదలవుతుంది.

బీపీ, షుగరు రోజూ ఇంట్లో చూసి యాప్‌లో కొడుతున్నాను. గ్రాఫు రంపం పళ్లలా ఉంది. డాక్టరు దాన్ని చూడనే లేదు.
— ఒక పాఠకుడు, కరీంనగర్

వారు చూడకపోవడంలో వింతేమీ లేదు. టీ తాగాక ఒకటి, మెట్లెక్కి వచ్చి ఒకటి, కంగారు పుట్టి వెంటవెంటనే నాలుగు చూసుకుంటే గ్రాఫులో కనిపించేది బీపీ కాదు, మీ దినచర్య.

బీపీ రోజూ అక్కర్లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఏడు రోజులు పద్ధతిగా చూడండి. ఉదయం మందు వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, నడక వద్దు. మూత్రానికి వెళ్లివచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలమీద ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క, ఆసుపత్రిలోని 140/90కి ఇది సాటి. చేయి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే లేని బీపీ కూడా చూపిస్తుంది. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతామనే యాప్‌లను నమ్మి మందు మార్చకండి.

షుగరుకు ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మామిడిపండు కోసిన వేలిని పొడిస్తే మీటరు ఆ పండు తీపిని చదువుతుంది. తిన్న తర్వాత రెండు గంటలంటే మొదటి ముద్ద నుంచి లెక్క, చేయి కడిగినప్పటి నుంచి కాదు. ఒక్కో అంకె పక్కన పరగడుపునా, తిన్నాకా అన్న గుర్తు పెట్టకపోతే అది దేనికీ కొరగాదు. ల్యాబుతో తేడా వచ్చిందని బెంగపడొద్దు. ఇంటి మీటర్లకు ఉన్న ప్రమాణం ప్రకారం షుగరు వంద, ఆపైన ఉన్నప్పుడు అంకె పదిహేను శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే అసలు 200 ఉంటే మీటరు 170 చూపినా, 230 చూపినా అది పాడైనట్టు కాదు.

బ్లూటూత్‌తో తనంతట తాను ఎక్కించే మీటరైతే బ్యాటరీ మార్చాక దాని గడియారం సరిచూడండి. అది వెనక్కి పోతే ఈనాటి అంకెలు ఎప్పటివో పాత తేదీల్లో పడిపోతాయి, గ్రాఫులో ఖాళీ కనిపిస్తుంది.

అమ్మ ఆరు నెలలు మా దగ్గర లండన్‌లో ఉంది. ఇక్కడి రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 58, గ్లూకోజు 8.2 అని ఉంది. ఖమ్మం రిపోర్టుల పక్కన పెడితే ఏమీ అర్థం కావడం లేదు.
— ఒక పాఠకురాలు, లండన్

కొలమానం వేరు, అంతే. బ్రిటన్‌లో గ్లూకోజు మిల్లీమోల్స్‌లో ఇస్తారు, దాన్ని 18తో హెచ్చిస్తే మన లెక్క వస్తుంది: 8.2 అంటే దాదాపు 148. హెచ్‌బీఏ1సీ 48 అంటే మన 6.5 శాతం, 53 అంటే 7, మీ అమ్మగారి 58 అంటే 7.5కు దగ్గర. క్రియాటినిన్‌ను 88.4తో భాగించాలి. అక్కడి 97 ఇక్కడి 1.1. కొలెస్టరాల్‌ను 38.7తో, ట్రైగ్లిజరైడ్లను 88.6తో హెచ్చించాలి.

యాప్‌లో 8.2 అని కొట్టి కొలమానం మార్చడం మరిచారంటే షుగరు ప్రాణాపాయంగా పడిపోయిందని గ్రాఫు గోల చేస్తుంది. మార్చిన అంకెతోపాటు అసలు రిపోర్టునూ జతచేయండి. అమెరికాలో ఉండేవారికి కొలమానం మనదే, తేదీతోనే తంటా. అక్కడ నెల ముందు రాస్తారు. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. నెల పేరు అక్షరాల్లో రాసుకోండి.

ఎవరో నా రికార్డులు చూస్తామని యాప్‌లో అనుమతి అడిగారు. కంగారులో ‘సరే’ నొక్కేశాను.
— ఒక పాఠకుడు, అనంతపురం

ఇచ్చిన అనుమతిని అదే యాప్‌లో రద్దు చేయవచ్చు, ఇప్పుడే చేయండి. ఆలోపే వాళ్లు తీసుకున్నది మాత్రం వెనక్కి రాదు. అడిగినవారెవరు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లు చూస్తారు అన్నవి ఆ విన్నపంలోనే ఉంటాయి. అన్నిటికీ ఒప్పుకోనక్కర్లేదు. చర్మవ్యాధుల డాక్టరుకు మీ మానసిక చికిత్స కాగితాలతో పనిలేదు, ఆ టిక్కు తీసేసి తేదీలు కుదించి ఇవ్వవచ్చు. మీరు ఆ రోజు వెళ్లని చోటు నుంచి విన్నపం వస్తే తిరస్కరించండి. ఫోన్ చేసి ‘ఆభా ఓటీపీ చెప్పండి’ అన్నవాళ్లకు చెప్పొద్దు.

ప్రైవేటు యాప్ వాడేవారు మరొకటి చూసుకోవాలి: మీ రికార్డులన్నీ ఒక్కసారిగా దింపుకునే వీలుందా? గూగుల్ హెల్త్ 2012 జనవరి 1న ఆగిపోయింది, మైక్రోసాఫ్ట్ హెల్త్‌వాల్ట్ 2019 నవంబరులో మూతపడింది. అంతటి సంస్థలే దుకాణం కట్టేశాయి. మూడు నెలలకోసారి పీడీఎఫ్‌లను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

యాప్‌లో అన్నీ ఉన్నాయి. నేను రోడ్డు మీద స్పృహ తప్పితే తాళం వేసిన ఫోన్లోంచి ఎవరు తీస్తారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఎవరూ తీయలేరు. అందుకు వేరే ఏర్పాటుంది. ఐఫోన్లో హెల్త్ యాప్ తెరిచి మెడికల్ ఐడీ నింపి, తాళం వేసి ఉన్నా కనిపించేలా మీట ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో సేఫ్టీ, ఎమర్జెన్సీ అన్న చోట ఇలాంటిదే ఉంటుంది. పడని మందులు, రక్తం పల్చబరిచే మందు వాడుతుంటే దాని పేరు, ఇన్సులిన్, పేస్‌మేకర్, ఇద్దరు మనుషుల నంబర్లు రాస్తే చాలు. తర్వాత ఫోనుకు తాళం వేసి, ఇంట్లో ఒకరి చేతికిచ్చి, ఎమర్జెన్సీ మీట నుంచి ఆ పేజీ తెరవమనండి. వాళ్లకు దొరక్కపోతే అంబులెన్సు వాళ్లకూ దొరకదు. ఫోను ఛార్జింగు అయిపోయే రోజు కోసం అవే వివరాలు చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.